వెండిపని చేతుల్లో పుట్టిన అక్షరాలు: చెరోకీ పెద్ద సెక్వోయా జీవితం



మన పెద్దల జీవితాలు మీరు ఏటా చదువుతూనే ఉన్నారు. జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం చేసిన పోరాటం మీకు కంఠతా వచ్చు. ఈసారి మేము సముద్రాల అవతలి ఒక ఆదివాసీ పెద్దాయనను మీకు పరిచయం చేయాలనుకున్నాం. ఆయన పేరు సెక్వోయా. అమెరికాలోని చెరోకీ తెగవారు. వెండిపని, కమ్మరిపని చేసుకుని బతికిన మనిషి. బడి మెట్టు ఎక్కలేదు. ఇంగ్లీషు చదవడం రాదు. అలాంటి మనిషి తన జాతి మాటకు ఒక లిపి తయారుచేసి ఇచ్చారు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ లిపి నేటికీ బతికే ఉంది. బడి గోడల మీద, వీధి బోర్డుల మీద, సెల్‌ఫోన్లలో, చిత్రకారుల బొమ్మల్లో కనిపిస్తూనే ఉంది.

ఈ కథ ఎందుకు ఎంచుకున్నామో ముందే చెప్పేస్తాం. హాస్టల్ నడిపే మాకు ప్రతి జూన్ నెలలో ఒకే సంగతి ఎదురవుతుంది. కొత్తగా చేరే పిల్లలు గూడెం నుంచి వచ్చేటప్పుడు పెట్టెతో పాటు ఇంటి భాషను కూడా తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి ఆ భాష నోట్లోనే ఆగిపోతుంది. ఎవరూ కొట్టరు, తిట్టరు. పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న బెరుకు చాలు. పుస్తకంలో లేని భాషకు విలువేముంటుందని పిల్లలు తమంతట తామే అనుకుంటారు. ఆ అనుమానం ఒకప్పుడు చెరోకీలకూ ఉండేది. సెక్వోయా దానికి తన చేతిపనితో జవాబు చెప్పారు.

అమ్మ గోత్రం, అమ్మ భాష

అమెరికా ఆగ్నేయ భాగంలో అపలాచియన్ అనే పెద్ద కొండల వరుస ఉంది. ఇప్పటి టెన్నెసీ, జార్జియా, ఉత్తర కరోలినా, అలబామా రాష్ట్రాల్లోకి పరుచుకున్న ఆ కొండలూ లోయలూ చెరోకీల సొంత నేల. నదుల ఒడ్డున ఊళ్లు కట్టుకుని, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుంటూ, వేటాడుకుంటూ బతికేవారు. ఇప్పటి టెన్నెసీ రాష్ట్రంలో టస్కిగీ అనే ఊళ్లో సెక్వోయా పుట్టారు. ఏ ఏడాదో ఎవరూ రాసిపెట్టలేదు. 1770 ప్రాంతమని అంచనా. మన తాతలు కూడా పెద్ద కరువు వచ్చిన ఏడనో, వాగు ఊరి మీదికి వచ్చిన ఏడనో తమ పుట్టుకను గుర్తుపెట్టుకుంటారు కదా, ఇదీ అంతే. రాత లేనిచోట ఎంత గొప్పవారి పుట్టుకైనా అంచనాగానే మిగులుతుంది.

చెరోకీల్లో ఏడు గోత్రాలున్నాయి. మన గోండుల్లో గోత్రం తండ్రి నుంచి వస్తుంది. వాళ్లలో తల్లి నుంచి వస్తుంది. తల్లిది ఏ గోత్రమైతే బిడ్డదీ అదే గోత్రం. సెక్వోయా తల్లి పేరు వుటే. ఆమెది రంగు గోత్రం. తండ్రి తెల్లజాతి మనిషని, బిడ్డ ఊహ తెలియకముందే వెళ్లిపోయాడని చెబుతారు. అందుకే సెక్వోయాకు జార్జ్ గెస్ అనే ఇంగ్లీషు పేరు కూడా ఉంది. పేరు ఎలా ఉన్నా, ఆయన పెరిగింది తల్లి దగ్గర, తల్లి భాషలోనే.

ఆయనకు ఒక కాలు కుంటి. వేటలో పరుగెత్తడం కుదరదు. దాంతో ధ్యాసంతా చేతిపని మీదకు మళ్లింది. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీసేవారని, పెద్దయ్యాక కమ్మరిపని, వెండిపని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారని చెబుతారు. వెండి నాణేలు కరిగించి చెవిపోగులు, కడియాలు చేసేవారు. చేసిన వస్తువు మీద పనివాడి పేరు ఉండాలని ఎవరో సలహా ఇచ్చారట. చార్లెస్ హిక్స్ అనే చెరోకీ పెద్ద ఆయన పేరును ఇంగ్లీషులో రాసిచ్చారని, దాన్ని చూసి సెక్వోయా వెండి మీద చెక్కేవారని ఒక కథ ఉంది. చదవడం రాని మనిషి అక్షరాన్ని బొమ్మలా చూసి చెక్కారన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తరువాత ఆయన చేసిన పనంతా ఆ చూపు నుంచే మొదలైంది.

మాట్లాడే ఆకులు

ఆ రోజుల్లో తెల్లవారి దగ్గరున్న కాగితాలు చెరోకీలకు వింతగా ఉండేవి. ఒకడు ఇక్కడ గీతలు గీస్తాడు, నూరు మైళ్ల దూరంలో ఇంకొకడు ఆ గీతలు చూసి ఇక్కడి మాట అక్కడ పలుకుతాడు. అందుకే వాటిని మాట్లాడే ఆకులు అనేవారు. అది తెల్లవారికి మాత్రమే దేవుడిచ్చిన వరమని కొందరు, మంత్రమని మరికొందరు నమ్మేవారు. 1809 ప్రాంతంలో తోటివారితో ఈ మాట వచ్చినప్పుడు సెక్వోయా ఒప్పుకోలేదని చెబుతారు. అది కూడా మనుషులు చేసిన పనే, మనుషులు చేసింది మనమూ చేయగలం అన్నది ఆయన పట్టుదల. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1813, 1814 సంవత్సరాల్లో క్రీక్ తెగలోని ఒక వర్గంతో అమెరికా సైన్యం పోరాడింది. చెరోకీలు అమెరికా పక్షాన నిలిచారు. సెక్వోయా కూడా చెరోకీ దళంలో చేరారు. ఆ సైన్యానికి సేనాని ఆండ్రూ జాక్సన్. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. తెల్ల సైనికులు ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారు, ఇంటి నుంచి వచ్చినవి చదువుకునేవారు. చెరోకీ సైనికుడికి ఇంట్లో బిడ్డ పుట్టినా, తల్లి పోయినా తిరిగి వెళ్లేదాకా తెలియదు. ఆ బాధ సెక్వోయా పట్టుదలను ఇంకా పెంచిందంటారు.

యుద్ధం తరువాత ఆయన అలబామాలోని విల్స్‌టౌన్‌లో స్థిరపడి పనిలో మునిగిపోయారు. మొదట ఒక్కో మాటకు ఒక్కో గుర్తు గీశారు. చెట్టుకో గుర్తు, నీళ్లకో గుర్తు, నడవడానికో గుర్తు. గుర్తులు వేలల్లోకి పెరిగాయి. చేసిన ఆయనకే గుర్తుండవు, ఊరికేం గుర్తుంటాయి? పొలం బీడుపడింది. ఇల్లు పట్టించుకోలేదు. భార్య విసిగిపోయి ఆ గుర్తులన్నీ నిప్పుల్లో వేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. మంత్రాలు చేస్తున్నాడని ఊరివాళ్లు అనుమానించారు. ఏళ్ల తరబడి చేసిన పని వదిలేసి ఆయన మళ్లీ మొదటి నుంచి ఆలోచించారు.

అప్పుడు దొరికింది దారి. మాటలు లెక్కలేనన్ని ఉన్నా, వాటిని కట్టే పలుకులు కొన్నే. అవే పలుకులు అటూ ఇటూ మారుతూ అన్ని మాటల్లోనూ వస్తున్నాయి. దీన్ని పట్టుకోవడానికి ఆయన ఎన్ని రోజులు చెవి ఒగ్గి జనం మాటలు విన్నారో ఊహించండి.

మన గుణింతానికీ వాళ్ల లిపికీ తేడా

తెలుగు బడిలో చదివిన మీకు ఇది సులువుగా అర్థమవుతుంది. మనం క రాసి గుడి పెడితే కి అవుతుంది, కొమ్ము పెడితే కు అవుతుంది. మూల అక్షరం ఒక్కటే, గుర్తులు మారతాయి. సెక్వోయా లిపిలో గుణింతం లేదు. గ కు ఒక బొమ్మ, గి కి దాంతో పోలికే లేని ఇంకో బొమ్మ, గు కు మరో బొమ్మ. అచ్చులకు విడిగా ఆరు అక్షరాలు. స్ అనే పొల్లుకు మాత్రం ఒక అక్షరం ప్రత్యేకంగా ఉంది. మొదట 86 అక్షరాలు చేశారు. ఒకటి వాడుకలోంచి పోయి ఇప్పుడు 85 ఉన్నాయి. చెరోకీలు తమ భాషను త్సలగి అంటారు. వాళ్ల లిపిలో ఆ మాట రాయడానికి మూడే అక్షరాలు చాలు: త్స, ల, గి.

భాష మొత్తానికి 85 అక్షరాలు ఎలా సరిపోయాయి? ప, బ లాంటి పెదవులు కలిపి పలికే శబ్దాలు ఆ భాషలో దాదాపు లేవు. మనకున్నట్టు ఒత్తులూ ఎక్కువ లేవు. ఇంకో కిటుకు కూడా ఉంది. చాలాచోట్ల దగ్గర దగ్గరగా వినిపించే రెండు పలుకులకు ఒకే అక్షరం పెట్టారు. స్వరం ఎక్కడ పైకి లేవాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో లిపిలో గుర్తులు లేవు. భాష తెలిసినవాడు చదువుతూనే సరిగ్గా పలుకుతాడు, తెలియనివాడు తడబడతాడు. అంటే ఆ లిపి నోట్లో ముందే భాష ఉన్నవాళ్ల కోసం చేసింది. చెరోకీ పిల్లలు మాట్లాడటం మానేస్తే అక్షరాలు మిగిలినా వాటిని పలికే నోరు ఉండదు. ఈ సంగతి మన కథకు చాలా ముఖ్యం.

అక్షరాల ఆకారాలు ఆయన ఎక్కడి నుంచి తెచ్చారు? కొన్ని తనే ఊహించి గీశారు. కొన్నింటికి తన చేతికి వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలోని ఆకారాలు వాడుకున్నారు. ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఎలా పలుకుతాయో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఇంగ్లీషు డబ్ల్యూ ఆకారం చెరోకీలో ల అయింది. డి ఆకారం అ అయింది. హెచ్ ఆకారం మి అయింది. వెండి నాణెం కరిగించి కడియం చేసినట్టే, పరాయి ఆకారాన్ని తీసుకుని దాన్ని తన భాషకు నగగా మలిచారు.

కూతురు అయోకా

లిపి తయారైనా నమ్మేవారు లేరు. మొదట నేర్చుకున్నది ఆయన చిన్నకూతురు అయోకా. అప్పటికి ఆమెకు ఆరేళ్లు ఉంటాయని చెబుతారు. 1821లో తండ్రీకూతుళ్లు పెద్దల ముందు నిలబడ్డారు. ఇద్దరినీ దూరంగా, ఒకరి మాట ఒకరికి వినిపించనంత దూరంగా ఉంచారు. పెద్దలు ఒకరి దగ్గర మాటలు చెప్పి రాయించి, ఆ కాగితాన్ని రెండోవారి దగ్గరకు పంపారు. చెప్పిన మాట చెప్పినట్టు బయటికి వచ్చింది. అయినా అనుమానం తీరలేదు. వేరే యువకులకు నేర్పించి, వాళ్లను కూడా అలాగే పరీక్షించారు. వాళ్లూ చదివారు.

చెల్లెళ్లూ, ఒక్క మాట. ఒక జాతి చదువు మొదలైన రోజున పెద్దల సభ ముందు నిలబడి చదివింది ఒక ఆడపిల్ల. హాస్టల్లో గొంతు తగ్గించి చదివే పిల్లలను చూసినప్పుడల్లా మాకు అయోకా గుర్తొస్తుంది.

అక్కడి నుంచి ఆ లిపి అడవిలో నిప్పులా పాకింది. బడి లేదు, జీతం తీసుకునే టీచరు లేడు. నేర్చుకున్నవాడు పక్కింటివాడికి నేర్పాడు. భాష ముందే వచ్చినవాళ్లు కాబట్టి అక్షరాలు గుర్తుపడితే చాలు, కొద్ది రోజుల్లోనే చదవగలిగేవారు. కొన్నేళ్లలోనే చదవగలిగిన చెరోకీలు వేలల్లో తయారయ్యారు. సెక్వోయా అర్కాన్సాస్ వైపు వెళ్లి, అప్పటికే పడమటికి వలసపోయిన చెరోకీలకు కూడా నేర్పారు. తూర్పున ఉన్నవారికీ పడమట ఉన్నవారికీ మధ్య ఉత్తరాలు నడిచాయి. 1824లో చెరోకీ జాతీయ మండలి ఆయనకు వెండి పతకం ఇవ్వాలని తీర్మానించింది. వెండిపనివాడికి వెండి పతకం!

పత్రిక, చిత్రపటం

1828 చెరోకీల చరిత్రలో పెద్ద ఏడాది. ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటా అనే వాళ్ల రాజధాని నుంచి చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదటి సంచిక వచ్చింది. కొంత చెరోకీలో, కొంత ఇంగ్లీషులో అచ్చయ్యేది. ఎలియాస్ బౌడినాట్ అనే చెరోకీ యువకుడు సంపాదకుడు. శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీ సాయంతో బోస్టన్‌లో సీసపు అచ్చులు పోయించి తెప్పించారు. అమెరికా ఆదివాసులు నడిపిన మొదటి పత్రిక అది. తమ చట్టాలు, తమ భూమి గొడవలు, తమ వార్తలు వాళ్లు తమ లిపిలో చదువుకున్నారు.

అదే ఏడాది సెక్వోయా అర్కాన్సాస్ చెరోకీల తరఫున ఒప్పందం కోసం వాషింగ్టన్ వెళ్లారు. అక్కడ చార్లెస్ బర్డ్ కింగ్ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. తలకు రంగుల పాగా, మెడలో పతకం, నోట్లో పొడవాటి పొగగొట్టం. చేతిలో మాత్రం ఈటె లేదు, తుపాకీ లేదు. అక్షరాల పట్టీ ఉంది. ఇంకో చేతి వేలితో ఆ అక్షరాలను చూపిస్తున్నారు. అసలు చిత్రం 1865లో స్మిత్సోనియన్ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాని నకళ్లు, అచ్చుప్రతులు మిగిలాయి. ఈరోజు ఇంటర్నెట్‌లో సెక్వోయా అని వెతికితే మీకు కనిపించేది ఆ బొమ్మే. చెరోకీ లిపి రంగుల చిత్రంలోకి అలా అడుగుపెట్టింది.

కన్నీళ్ల దారి

అక్షరం వస్తే అన్యాయం ఆగిపోతుందని మేము చెప్పం. జార్జియాలో బంగారం దొరికింది. చెరోకీల నేల మీద తెల్లవారి కన్ను పడింది. ఆ క్రీక్ యుద్ధంలో చెరోకీలు ఎవరి కోసం పోరాడారో, ఆ ఆండ్రూ జాక్సనే అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1830లో ఆదివాసులను మిసిసిపీ నది అవతలికి తరలించే చట్టం మీద సంతకం చేశాడు. చెరోకీలు కోర్టుకెళ్లారు. 1832లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చినా అమలు కాలేదు. పత్రిక 1834లో ఆగిపోయింది. మరుసటి ఏడాది జార్జియా సిపాయిలు అచ్చుయంత్రాన్ని ఎత్తుకుపోయారు. 1838, 1839 సంవత్సరాల్లో దాదాపు 16 వేల మందిని సొంత నేల నుంచి పడమటికి తరిమారు. చలికి, ఆకలికి, రోగాలకు సుమారు 4 వేల మంది చనిపోయారని అంచనా. ఆ ప్రయాణానికే కన్నీళ్ల దారి అని పేరు.

సెక్వోయా అప్పటికే పడమట ఉన్నారు. 1829లో ఇప్పటి ఓక్లహోమాలో సాలిసా అనే ఊరికి దగ్గరలో దుంగలతో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు నేటికీ ఉంది. తరిమివేయబడి వచ్చినవాళ్లకూ, ముందే వచ్చి స్థిరపడినవాళ్లకూ మధ్య అధికారం గురించి గొడవలు రేగాయి. నెత్తురు కూడా చిందింది. 1839లో రెండు పక్షాలూ ఒక్కటిగా ఉండాలని చేసుకున్న ఒడంబడికలో, ముందే వచ్చినవారి తరఫున నిలిచి రాజీ కుదిర్చినవారిలో సెక్వోయా ముఖ్యుడు. మాటను కలిపిన మనిషి మనుషులను కూడా కలిపారు.

ముసలితనంలో కూడా ఊరికే కూర్చోలేదు. చెరోకీల్లో ఒక గుంపు చాలా ఏళ్ల కిందటే మెక్సికో వైపు వెళ్లిపోయింది. వాళ్లను కలవాలని, తమవారితో కలపాలని 1842లో కొడుకుతో, మరికొందరితో బయలుదేరారు. అప్పటికి డెబ్బై దాటిన కుంటికాలి మనిషి. 1843 ఆగస్టులో మెక్సికోలోని సాన్ ఫెర్నాండో ప్రాంతంలో కన్నుమూశారు. ఆయన సమాధి ఎక్కడుందో ఇప్పటికీ తేలలేదు.

ఆయన తరువాత

అక్షరం ఆగలేదు. 1844లో కొత్త రాజధాని తాలెక్వా నుంచి చెరోకీ అడ్వకేట్ పత్రిక మొదలైంది. ఉత్తర కరోలినా కొండల్లో మిగిలిపోయిన చెరోకీల్లో నాటువైద్యులు తమ మందులను, మంత్రాలను సెక్వోయా లిపిలో నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. అలాంటి పుస్తకాలను జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు సేకరించి 1891లో ప్రచురించాడు. తాత నోటితో పోవలసిన వైద్యం అలా కాగితం మీద నిలిచింది. మన గూడేల్లో చెట్టుమందు తెలిసిన ఎందరు పెద్దలు ఒక్క ముక్క రాయకుండానే వెళ్లిపోయారో లెక్కేసుకోండి.

తరువాత చీకటి కాలం వచ్చింది. ఆదివాసీ పిల్లలను దూరంగా బోర్డింగ్ స్కూళ్లలో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించే పద్ధతి అమెరికాలో చాలా ఏళ్లు సాగింది. అక్కడ దెబ్బలు తిన్న తల్లిదండ్రులు తమ బిడ్డలకు భాష నేర్పడానికే భయపడ్డారు. హాస్టల్ బాధ్యత చూసే మాకు ఈ భాగం చదివితే గుండె బరువెక్కుతుంది. పిల్లలకు తిండి, పక్క, చదువు ఇచ్చే చోటే వాళ్ల నాలుకను కోసేయగలదు. అదే చోటు ఆ నాలుకను కాపాడనూ గలదు.

ఆ కాలంలో చెరోకీ మాట్లాడే ఇంట్లో పుట్టిన ఒక పిల్లవాడు సెసిల్ డిక్. పుట్టింది 1915లో, ఓక్లహోమాలో. శాంటా ఫే ఇండియన్ స్కూల్‌లో చిత్రలేఖనం నేర్చుకుని, చెరోకీల పాత కథలను, ఊరి జీవితాన్ని రంగుల్లో వేశాడు. 1992లో చనిపోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. చెరోకీ సంప్రదాయ చిత్రకళకు ఆయన్ను తండ్రిగా చెప్పుకుంటారు.

ఇప్పటి తరం ఇంకో అడుగు ముందుకేసింది. రాయ్ బోనీ జూనియర్, జోసెఫ్ ఎర్బ్, అమెరికా మెరెడిత్ వంటి చెరోకీ చిత్రకారులు సెక్వోయా అక్షరాలనే తమ చిత్రాల్లో భాగం చేశారు. వాళ్ల బొమ్మల్లో పాత కథల్లోని జంతువులు ఉంటాయి, ఈనాటి మనుషులూ ఉంటారు, పక్కనే ఆ 85 అక్షరాల్లో మాటలుంటాయి. బొమ్మ చూసినవాడు ఆగి, ఇదేం రాత అని అడుగుతాడు. చెరోకీ బిడ్డ అయితే ఇంటికెళ్లి అవ్వను అడుగుతాడు. బొమ్మ చేసే పని అదే. ఎర్బ్ బడిపిల్లలకు యానిమేషన్ నేర్పి, వాళ్ల కథలు వాళ్ల భాషలోనే తీయించాడు. బోనీ కంప్యూటర్లలో చెరోకీ లిపి వాడకం కోసం తన జాతి భాషా విభాగంలో పనిచేశాడు. 1999లో యూనికోడ్‌లో చెరోకీ లిపికి చోటు దొరికింది. 2010లో ఐఫోన్‌లోకి వచ్చింది. తాలెక్వాలో అన్ని పాఠాలూ చెరోకీలోనే చెప్పే బడి నడుస్తోంది. అమెరికా పార్లమెంటు భవనంలో 1917 నుంచి సెక్వోయా విగ్రహం నిలబడి ఉంది.

ఇంత ఉన్నా ఒక చేదు నిజం ఉంది. చెరోకీ నేషన్‌లో నాలుగు లక్షలకు పైగా సభ్యులున్నారు. భాష ధారాళంగా మాట్లాడేవారు మాత్రం చాలా తక్కువమందే, వాళ్లలోనూ ఎక్కువమంది ముసలివాళ్లు. 2019లో మూడు చెరోకీ ప్రభుత్వాలూ కలిసి తమ భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. లిపి ఉంది, పత్రిక ఉంది, విగ్రహం ఉంది, ఫోన్‌లో కీబోర్డు ఉంది. తగ్గిపోయింది ఇంట్లో మాట. సెక్వోయా లిపి భాష వచ్చినవాళ్ల కోసం చేసిందని ముందు చెప్పాం కదా. ఆ సంగతి ఇక్కడ ఎంత బరువైనదో చూడండి.

మన వంతు

మన దగ్గరా అక్షరం ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. కోయల్లో డోలి కళాకారులు పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ వంశగాథలు చెబుతారు. బొమ్మ, మాట కలిసి నడవడం మనకు కొత్తేమీ కాదు.

మా హాస్టల్లో ఆదివారం సాయంత్రాలు ఒక చిన్న పని చేయిస్తున్నాం. ఒక్కో బిడ్డ తన ఇంటి భాషలో ఒక్క మాట తేవాలి. దానికి బొమ్మ వేయాలి, కింద ఆ మాట రాయాలి, అందరి ముందూ పలకాలి. మొదట్లో అందరూ సులువైన మాటలే తెచ్చారు. ఏర్ అంటే నీళ్లు, రోన్ అంటే ఇల్లు. అవి అయిపోయాక అసలు సంగతి బయటపడింది. అడవిలో చెట్ల పేర్లు, పురుగుల పేర్లు, వానల్లో రకాల పేర్లు పిల్లలకు రావు. శనివారం ఇంటికి ఫోన్ చేసి అవ్వను అడగడం మొదలుపెట్టారు. ఫోన్‌లో అవ్వతో తెలుగులో మాట్లాడే పిల్లలు ఇప్పుడు ఆ కాసేపైనా ఇంటి భాషలో మాట్లాడుతున్నారు. గోడ మీద బొమ్మల కంటే ఆ ఫోన్ మాటలే మాకు ఎక్కువ సంతోషం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో బొమ్మలు వేసేవాళ్లున్నారు, ఫోన్‌లో వీడియోలు చేసేవాళ్లున్నారు, డిగ్రీ చదివేవాళ్లున్నారు. టీషర్టు మీద మన లిపి అచ్చు వేయించుకుంటే చూడటానికి బాగుంటుంది. కానీ దాన్ని చదవలేకపోతే అది ఒట్టి అలంకారమే. ముందు అవ్వ దగ్గర కూర్చుని మాట నేర్చుకోండి. తరువాత రాయండి. తరువాత రంగుల్లో పెట్టండి. సెక్వోయాకు తొలి విద్యార్థి ఆయన ఇంట్లోనే దొరికింది. మీ తొలి గురువు కూడా మీ ఇంట్లోనే ఉంది. ఆమె ఉండగానే మొదలుపెట్టండి.

జోహార్ సెక్వోయా! జోహార్ మన అమ్మ భాషలకు!